కొత్త కళాసి

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రదికేవాణ్ణి నేను. యాభై నాలుగేండ్లు నిండినవి. నిరుటి వేసవి సెలవుల్లో ఒక ఓడలో కళాసిగా చేరాను. ఏ రేవులో అని అడుగబోయే చదువరులకు మొదటనే మనవి చేస్తున్నాను: ఆ ఓడ కంప్యూటరులో ఉన్నది. నవ్వదలచినవారు ఇక్కడనే నవ్వుకోవచ్చును. ముందుకు పోయిన తరువాత నీళ్ళు తోడే పని ఉన్నది, నవ్వుటకు తీరిక దొరకదు.

ఆట పేరు ‘సీ ఆఫ్ థీవ్స్’. దొంగల సముద్రమన్న మాట. ఇంగ్లండులోని రేర్ అనే సంస్థ రూపొందించగా మైక్రోసాఫ్ట్ వారు 2018 మార్చి 20వ తేదీన విడుదల చేశారు. ఎక్కడెక్కడివారో తమ తమ ఇండ్లలో కూర్చుండి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఒకరితో ఒకరు మాట్లాడుకొంటూ ఒకే ఓడను నడుపుతారు. చిన్న ఓడకు ఒకరో ఇద్దరో, నడిమి ఓడకు ముగ్గురు, గాలియన్ అనే పెద్ద ఓడకు నలుగురు. పటం చూచి దీవులకు పోయి నిధులు త్రవ్వి, తెచ్చి రేవులో అప్పగిస్తే బంగారం. అప్పగించేలోగా మరొక ఓడవారు మీదపడి దోచుకొంటే అది వారి సొమ్ము.

ఇటువంటి ఆటలు చాలావాటిలో పాతకాపుకు పదునైన కత్తి, గట్టి కవచం, కొత్తవానికి చీపురుపుల్ల. ఇందులో ఆ అన్యాయం లేదు. ఎన్ని వందల గంటలు ఆడినవానికైనా అదే కత్తి, అదే ఫిరంగి, అంతే ప్రాణం. సంపాదించిన బంగారంతో కొనుక్కొనేది ముఖ్యంగా వేషభూషలు, ఓడకు రంగులు, తెరచాపమీద బొమ్మలు. కొన్నేండ్లుగా ఆడుతున్న మా మేనల్లునికీ, ఆనాడు ఓడ యెక్కిన నాకూ ఉన్న భేదం తెలిసినతనమొక్కటే. తరగతి గదిలో నాకూ మా విద్యార్థులకూ ఉన్న భేదమైనా అంతకు మించినదేమీ కాదు గదా అని అప్పుడు తోచింది గాని, అంతటితో ఊరుకొన్నాను.

గాలియన్ కట్టుబడిని గూర్చి కొంచెం చెప్పాలి. మూడు తెరచాప కొయ్యలు. ఒక్కొక్క ప్రక్కన నాలుగేసి ఫిరంగులు. చుక్కాని చక్రం వెనుకతట్టున, ఎత్తుమీద ఉంటుంది. చక్రం పట్టినవాని ఎదుట తెరచాపలు గోడలవలె నిలుస్తవి. వాటిని పూర్తిగా దించి వేగంగా పోతున్నప్పుడు ముందు రాయి ఉన్నదో దీవి ఉన్నదో అతనికి కనబడదు. సముద్రపటం పరచిన బల్ల క్రింది అంతస్తులో ఉంటుంది. అదీ అతనికి కనబడదు. ఓడ అడుగున చిల్లి పడినదీ లేనిదీ ఎవరో పోయి చూస్తే గాని తెలియదు. అంటే ఓడ నడిపేవాడే ఓడలో అందరికంటె గ్రుడ్డివాడు! ఈ ఏర్పాటు చేసినవారెవరో గాని, వారిని పిలిపించి అధ్యాపకులకు ఒక ఉపన్యాసమిప్పించాలని నాకు కోరిక.

మొదటినాడు నా వ్రేళ్ళు నా మాట వినలేదు. నడువబోతే దూకాను. తలుపు తీయబోతే కత్తి దూశాను. ఊరక నిలుచుండబోయి సముద్రంలో పడ్డాను. ఇటువంటివాణ్ణి ఏం చేయాలి? ‘ఒక ప్రక్కన నిలబడి చూస్తూ ఉండండి, అదే వస్తుంది’ అనడం ఒక పద్ధతి; మనలో చాలమందిమి అనుసరించేది అదే. మావాడు నన్ను ఓడ ముక్కుమీదికి నడిపించి, “మామయ్యా, ఇక్కడ నిలబడండి. ముందు ఏం కనబడితే అది చెప్పండి. దీనికి చేతులక్కరలేదు, కళ్ళు చాలు” అన్నాడు.

అది చేతకానివానికిచ్చిన పని అనుకొన్నాను. పావుగంట గడిచేసరికి సంగతి తెలిసింది. చక్రం పట్టినవాడు నా నోటివైపే చెవి పెట్టుకొని ఉన్నాడు. నేను పలికితే ఓడ తిరుగుతున్నది, పలుకకపోతే తిన్నగా పోతున్నది. ముప్ఫై యేండ్లుగా పాఠం చెప్తున్నాను. నా మాటను ఇంత శ్రద్ధగా విన్నవారు అరుదు.

ఆ మాటవల్లనే ఓడ పగిలింది కూడా. వెనుకకు తిరిగి, కాకినాడనుంచి ఆడుతున్న మావాని స్నేహితునితో ఏదో ముచ్చటిస్తూ, ప్రక్కచూపున నల్లరాయి కనబడగా “ఎడమవైపు రాయి!” అని కేక వేశాను. మావాడు చటుక్కున కుడికి త్రిప్పాడు. ఓడ పోయి ఆ రాతికే కొట్టుకొన్నది. నేను వెనుకకు తిరిగి ఉన్నాను గనుక నా ఎడమ ఓడకు కుడి! మనిషి ఎటు తిరిగి ఉన్నా మారని పేర్లు, పోర్ట్ అనీ స్టార్‌బోర్డ్ అనీ, నావికులు ఓడ ప్రక్కలకు పెట్టుకొన్నది ఇందుకే. పుస్తకాల్లో ఆ పదాలు చదివినవాణ్ణే. వాటి అవసరం తెలియటానికి ఒక ఓడ పగులగొట్టవలసి వచ్చింది.

ఎవరూ నన్నేమీ అనలేదు. “ముందు చెక్కలు కొడదాం, మాటలు తరువాత” అని మావాని గొంతు వినబడింది. చిల్లికి చెక్క కొట్టాలి. చేరిన నీటిని బొక్కెనతో తోడి బయట పోయాలి. చెక్క కొట్టనిదే నీరు ఆగదు, తోడనిదే ఓడ తేలదు. నాకు బొక్కెన పని వచ్చింది. నిండా ముంచి ఆత్రంకొద్దీ ఎదుటి గోడకేసి కొట్టాను. ఓడలోని నీరు ఓడలోనే పడింది. అట్లా అయిదారు బొక్కెనలు తోడి ఉంటాను. నాలుగవవాడు అమెరికాలో చదువుకొంటున్న కుర్రవాడు. మనకు రాత్రి, అతనికి అప్పుడే తెల్లవారుతున్నది. అతడు దిగివచ్చి నా ప్రక్కనే ఒక బొక్కెన ముంచి, “సార్, నా వెనకాల రండి” అని మెట్లెక్కి, అంచుమీదినుంచి సముద్రంలోకి విసరి, మళ్ళీ దిగాడు. నేనూ అట్లే చేశాను. తప్పు చేశానన్న మాట అతని నోట రాలేదు. మోకాలిలోతు నీటిలో ఉన్నవానికి తప్పొప్పుల పట్టిక చదివి వినిపించేవాడు మంచి గురువు కావచ్చు గాని, ఓడ మాత్రం మునుగుతుంది.

ఒక దీవి ప్రక్కన ఆగిన తరువాత తీరికగా విచారణ జరిగింది. దాన్ని విచారణ అనడం కూడా సరికాదు. “మామయ్యా, మీకు ఏ మాటలు తడుముకోకుండా వస్తాయి?” అని అడిగాడు మావాడు. ఆలోచించి చెప్పాను: మా పల్లెలో పంక్తిలో కూర్చున్నవానితోనైనా ‘కొంచెం పడమరకు జరుగు’ అనేవారు. ఎడమ కుడులు తికమకపడుతవి గాని తూర్పు పడమరలు పడవు. ఆటలో ప్రతివాని దగ్గరా ఒక దిక్సూచి ఉంటుంది. ఆనాటినుంచి మా ఓడలో “తూర్పున రాయి”, “ఈశాన్యాన తెరచాప” అనే కేకలు మొదలైనవి. ఆ ముగ్గురు కుర్రవాళ్ళూ నా మాటను తమ మాటగా వాడుతుంటే కలిగిన సంతోషం దాచుకోవడమెందుకు? కొత్తవాడు ఓడకు ఏదైనా ఇచ్చేదాకా ఓడ అతనిది కాదు.

ఆ సంతోషం మొదటి తుపానుదాకా నిలిచింది. తుపానులో దిక్సూచి ముల్లు పిచ్చెత్తినట్లు తిరుగుతుంది, చక్రం చేతినుంచి లాక్కొంటుంది, వాననీటికే ఓడ నిండుతుంది. తూర్పేదో దేవునికెరుక! అందుచేత ‘ఓడకెడమ, ఓడకు కుడి’ అనే మాటలు కూడా చివరకు నేర్చుకోక తప్పలేదు. మరొకటి కూడ నేర్పారు. “తెరచాప సగం చుట్టండి” అంటే, చేతిలో పని ప్రారంభిస్తూ “సగం చుట్టుతున్నా” అని తిరిగి చెప్పాలి. చెప్పకపోతే విన్నారో లేదో చక్రం దగ్గరివానికి తెలియదు. తరగతిలో నేను మౌనాన్ని అర్థమైనట్లుగా లెక్కవేసి పేజీ త్రిప్పుతూ వచ్చాను.

లంగరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొత్తవారందరూ దీవి కనబడగానే లంగరు దించుతారు. దించడం క్షణం. ఎత్తడం ఒక్కడే పట్టుకొంటే ఎంతసేపో. నలుగురూ కలిసి త్రిప్పితే గబగబ పైకి వస్తుంది. శత్రువు వచ్చేవేళకు లంగరు దిగి ఉన్న ఓడ కదలలేదు. పాతవారు దూరాననే తెరచాపలు చుట్టి, ఓడను మెల్లగా జారనిచ్చి ఆపుతారు.

ఆట విడుదలైననాడు కొత్తవారికి నేర్పే ఏర్పాటు లేదు. తరువాత ఒక దీవి చేర్చారు. త్రవ్వడం, తినడం, కత్తి త్రిప్పడం అక్కడ వస్తవి. నలుగురిలో మెలగడం అక్కడ రాదు. అది నాకు తెలిసివచ్చిన విధం కొంచెం చేదుది. ఒకనాటి రాత్రి మావాళ్ళు లేనప్పుడు అపరిచితుల ఓడలో చేరాను. ఆటలో ఆ వీలున్నది. వారి భాష నాకు తెలియదు. ఏదో పొరపాటు చేశాను. లంగరే అయి ఉంటుంది. ఈ ఓడల్లో బందీఖానా ఉంటుంది. తోటివారు ఓటు వేసి ఎవరినైనా అందులో పడవేయవచ్చు. వేశారు. ఊచల వెనుక నిలుచుండి, పైన వారి నవ్వులూ అడుగుల చప్పుడూ వింటూ చాలాసేపు ఉన్నాను. ఏం చేశానో తెలిస్తే బాగుండుననిపించింది గాని, చెప్పేవారు లేరు.

అక్కడ నాకు ఒక పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. ఇరవై యేండ్ల క్రిందటి మాట. తరగతిలో పద్యం చదువుమన్నాను. లేచి, రెండవ పాదంలో విరువరానిచోట విరిచాడు. నేను పద్యాన్ని నోటినుంచి లాక్కొని, రాగయుక్తంగా పూర్తి చేశాను. తరగతి చప్పట్లు కొట్టింది. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. రెండేండ్లు నా తరగతిలోనే ఉన్నాడు, మళ్ళీ పద్యం చదువలేదు. పద్యం బాగా వినిపించానన్న తృప్తిలో నేనా సంగతి గమనించనైనా లేదు.

మావాడు నాకు చక్రమిచ్చినది నెల గడిచిన తరువాత. 2023 డిసెంబరునుంచి ఈ ఆటలో ‘సేఫర్ సీస్’ అనే మరొక సముద్రం ఉన్నది. అందులో మన ఓడ తప్ప వేరొక ఆటగాళ్ళ ఓడ రాదు, మొదలుపెట్టిననాడు బహుమతి కూడా తక్కువే. అక్కడికి తీసుకొనిపోయి, “ఇక మీరు నడపండి” అని, తాను పోయి ఓడ ముక్కున నిలబడ్డాడు. ఎదుట తెరచాపల గోడ. దాని అవతల ఏమున్నదో వాని గొంతు మాత్రమే చెప్పాలి. రెండుసార్లు ఇసుకమేటలకు చాలా దగ్గరగా పోనిచ్చాను. వాడు పరుగెత్తుకొని వచ్చి చక్రం అందుకోవచ్చును, రాలేదు. “ఓడకెడమ, ఇంకా ఎడమ” అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో వాడు బిగబట్టుకొన్నది నాకు వినబడింది. పాఠం చెప్పేవానికి కష్టమైన పని అదే. మావాడు ఇరవై యేండ్లకే చేయగలుగుతున్నాడు.

మొన్న సంక్రాంతికి అమెరికా కుర్రవానికి పరీక్షలు వచ్చి ఓడలో ఒక చోటు ఖాళీ పడింది. మావాని చెల్లెలు చేరింది, ఎనిమిదవ తరగతి. చక్రం నా చేతిలో ఉన్నది. అమ్మాయిని ఓడ ముక్కున నిలబెట్టాము. చాలాసేపు ఏమీ పలుకలేదు. తరువాత ఒక్కసారిగా, “మామయ్యా! రాయి! రాయి!” అని అరిచింది. ఎటువైపో చెప్పలేదు. ముందుకు పరుగెత్తి చూడాలని నా కాళ్ళు పీకినవి. చక్రం వదలలేదు.

“ఓడకు ఎటువైపమ్మా?” అన్నాను.