వచనమున పంక్తివిభాగము

తాళపత్రమున పంక్తికి అర్థముతోఁ బనిలేదు. ఆకు ఎంత పొడవో పంక్తి యంత. పదముల నడుమ ఎడము లేక వ్రాఁత సాగిపోవును. త్రాటిరంధ్రము దగ్గఱ మాత్రము కొంత చోటు విడుతురు. పద్యమున కిందువలన నష్టము లేదు. గణములును యతిప్రాసములును ఎఱిఁగిన పరిష్కర్త పాదమెక్కడ ముగియునో తేల్చుకొనఁగలఁడు. చిక్కెల్ల వచనముతోడనే.

సింహాచల నృసింహుని సంబోధించుచు కృష్ణమాచార్యుఁడు చెప్పిన సింహగిరి వచనములు ఇందుకు మంచి నిదర్శనము. అవి ఛందస్సునకు లోఁబడవు. అట్లని ఊరక చదివిపోవలసిన గద్యమును గావు. ఇంచుమించు ఒకే తూఁగు గల వాక్యఖండములు వరుసగా వచ్చి సంబోధనతో నిలుచును. తాళ్లపాకవారి సంకీర్తనలక్షణములోని ‘తాళగంధి చూర్ణము’ అను పేరు ఇట్టి రచనకుఁ జక్కఁగా నొప్పును: తాళము లేదు, దాని వాసన యున్నది. ముద్రించునప్పుడు పేరాగాఁ గూర్చినచో ఆ వాసన కంటికిఁ దోఁపదు. పంక్తులుగా విఱిచినచో, ఎచట విఱువవలెనను భారము పరిష్కర్త పైఁ బడును.

ఆ భారము చిన్నది గాదు. ఉదాహరణమునకు నేను కల్పించిన వాక్యమిది: “నిన్నుఁ దలఁచితిని రేయెల్ల నిదుర రాదాయె.” ‘రేయెల్ల’ అను మాటను మొదటి పంక్తిలో నిలిపినచో భక్తుఁడు రాత్రి యంతయు స్మరించెను, నిద్ర రాకుండుట దాని ఫలము. రెండవ పంక్తికిఁ ద్రోసినచో తలఁచినది ఒక్కమాఱే; ఆ తలఁపే రాత్రినెల్ల హరించినది. మొదటిది సాధన, రెండవది విరహము. మూలమున అక్షరమైన మాఱలేదు.

క్రీ. శ. నాలుగవ శతాబ్దాంతమున బైబిలును లాటినులోనికిఁ దెచ్చిన జెరోము, యెషయా గ్రంథపు పీఠికలో, పంక్తులను చూచి దానిని పద్యమని భ్రమింపవలదని హెచ్చరించెను. డెమాస్తనీసు, సిసిరోల రచనలను అట్లు వ్రాయు వాడుక కలదనియు, చదువరుల సౌకర్యమునకే తానును ఆ పద్ధతిని గైకొంటిననియుఁ జెప్పెను. ఈ హెచ్చరిక నేఁడు మనకు మఱింత అవసరము. వచనకవితకు అలవడిన కన్ను, విఱిగిన పంక్తిని చూడఁగానే ప్రాచీనవచనమును సైతము ఆధునికకవితగాఁ జదువును.

సంబోధనయు, సమానాంతములగు ఖండములును విఱుపునకు నమ్మఁదగిన గుర్తులు. సమాపకక్రియను అంతగా నమ్మరాదు. పలుకుబడిలో కాలవాచకము క్రియను దాఁటి వచ్చుట కలదు. చెవికింపుగా నున్నదని నేను విఱిచిన యొక వచనమును తరగతిలో విద్యార్థి బిగ్గఱగాఁ జదువఁగా, కర్తయొక చోట, క్రియయొక చోట చిక్కుకొన్నట్లు తోఁచినది. నాఁటినుండి తూఁగును అర్థమును చెఱియొక దారి పట్టినచో నేను అర్థమునే యనుసరించుచున్నాను. రెండర్థములును పొసఁగు చోట రెండవ విఱుపును అధోజ్ఞాపికలోఁ జూపుచున్నాను.