సోలో వినపడాలంటే.. బూస్ట్‌ ఎక్కడ పెట్టాలి?

కాలేజీ ఫెస్ట్‌. పాట సగానికి వచ్చింది. గాయకుడు మైక్‌ వదిలి పక్కకు జరిగాడు. లైట్లన్నీ గిటారిస్ట్‌ మీద పడ్డాయి. నెల రోజులు సాధన చేసిన సోలో అది. ఒక్క స్వరం కూడా తప్పలేదు. కానీ కింద నిలబడ్డవాళ్లకు డ్రమ్స్‌, కీబోర్డ్‌ తప్ప ఇంకేమీ వినపడలేదు. స్టేజీ దిగాక ఫ్రెండ్‌ అడిగాడు.. ‘ఏంట్రా, సోలో ఎగ్గొట్టేశావా?’

గిటార్‌ పట్టిన ప్రతి విద్యార్థికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవమే ఇది. ఫెస్ట్‌లో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. అదే కేఫ్‌లోనో, పెళ్లి సంగీత్‌లోనో, కార్పొరేట్‌ ఈవెంట్‌లోనో డబ్బులు తీసుకుని వాయిస్తుంటే? పిలిచినవాళ్లు మీ సాధన చూడరు, వినపడిందే చూస్తారు. బాగా వాయించేవాళ్లు చాలామందే ఉంటారు. ఎప్పుడు ఎంత వినపడాలో తెలిసినవాళ్లకే రెండోసారి ఫోన్‌ వస్తుంది. దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. బూస్ట్‌ను సరైన చోట, సరైన మోతాదులో పెట్టడం తెలిస్తే చాలు.

ఎందుకు మునిగిపోతుంది?

పాట నడుస్తున్నంతసేపూ గిటార్‌ పని గాయకుడి వెనక ఉండటమే. అందుకే రిథమ్‌ సౌండ్‌ను కాస్త తగ్గించే పెట్టుకుంటాం. ఆ లెవెల్‌లోనే సోలో మొదలుపెడితే అది ఎవరికీ వినపడదు. పైగా కార్డ్‌ వాయించేటప్పుడు ఐదారు తీగలు కలిసి మోగుతాయి. సోలోలో ఎక్కువగా ఒక్క తీగే మోగుతుంది. అందుకే నాబ్‌లు మార్చకపోయినా శబ్దం పలుచబడినట్టు అనిపిస్తుంది.

మరి ఎంత పెంచాలి? మామూలుగా 3 నుంచి 6 డెసిబెల్స్‌ చాలు. యాంప్‌ పవర్‌ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్‌ పెరగాలి. అంత పెంచితే ముందు వరుసవాళ్లు చెవులు మూసుకుంటారు. 3 లేదా 4తో మొదలుపెట్టి, బ్యాండ్‌ మొత్తం వాయిస్తున్నప్పుడు చాలకపోతేనే ఇంకొంచెం పెంచండి.

గెయిన్‌ వేరు.. వాల్యూమ్‌ వేరు

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బూస్ట్‌ పెడల్‌ కొంటారు. గిటార్‌కూ డిస్టార్షన్‌కూ మధ్యలో కలుపుతారు. సోలో రాగానే తొక్కుతారు. సౌండ్‌ గరగరలాడుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది.. కానీ వాల్యూమ్‌ పెద్దగా పెరగదు.

నిండు గ్లాసులో నీళ్లు పోస్తే ఏమవుతుంది? మట్టం పెరగదు, పొర్లిపోతుంది. డిస్టార్షన్‌ అంటే సిగ్నల్‌ అప్పటికే అంచుల దాకా నిండి, పైభాగం కత్తిరించినట్టయిన స్థితి. దానికి ముందు బూస్ట్‌ పెడితే కత్తిరింపు పెరుగుతుందే తప్ప ఎత్తు పెరగదు. అది చెడ్డదేమీ కాదు. క్వీన్‌ బ్యాండ్‌ గిటారిస్ట్‌ బ్రయాన్‌ మే వోక్స్‌ ఏసీ30 యాంప్‌ ముందు ట్రెబుల్‌ బూస్టర్‌ పెట్టి ఆ నిండైన సౌండ్‌ తెచ్చుకుంటారు. ఆయనకు కావాల్సింది ఆ గెయినే. మీకు వాల్యూమ్‌ కావాలంటే మాత్రం బూస్ట్‌ డిస్టార్షన్‌ తర్వాతే రావాలి.

గుర్తుపెట్టుకోవాల్సిన వరుస ఇది: గిటార్‌, ట్యూనర్‌, ఓవర్‌డ్రైవ్‌ లేదా డిస్టార్షన్‌, బూస్ట్‌, డిలే, రివర్బ్‌, ఆఖరున క్లీన్‌గా పెట్టిన యాంప్‌.

డిస్టార్షన్‌ పెడల్‌ నుంచి కాకుండా యాంప్‌ నుంచే తీసుకుంటున్నారా? అయితే యాంప్‌ వెనక సెండ్‌, రిటర్న్‌ అని రెండు సాకెట్లు ఉన్నాయేమో చూడండి. అదే ఎఫెక్ట్స్‌ లూప్‌. బూస్ట్‌ను అందులో పెడితే అది ప్రీయాంప్‌ డిస్టార్షన్‌ తర్వాత పనిచేస్తుంది. యాంప్‌ మాస్టర్‌ వాల్యూమ్‌ను అప్పటికే చివరిదాకా తిప్పేసి ఉంటే లూప్‌లో పెట్టినా లాభం ఉండదు. పెరగడానికి చోటు మిగల్చాలి.

మీ దగ్గర ఏముంది?

గిటార్‌ మాత్రమే ఉంటే: రిథమ్‌కు గిటార్‌ వాల్యూమ్‌ నాబ్‌ 7 దగ్గర ఉంచండి. సోలోకు 10కి తిప్పండి. పైసా ఖర్చు లేదు. క్లీన్‌ సౌండ్‌కు, తేలికపాటి డ్రైవ్‌కు ఇది బాగా పనిచేస్తుంది. డిస్టార్షన్‌ ఎక్కువుంటే మాత్రం తేడా గెయిన్‌లోనే తెలుస్తుంది. కొన్ని గిటార్లలో నాబ్‌ తగ్గించినప్పుడు సౌండ్‌ కాస్త మొద్దుబారుతుంది, గమనించుకోండి.

బూస్ట్‌ పెడల్‌ ఉంటే: ఎంఎక్స్‌ఆర్‌ మైక్రో యాంప్‌ లాంటి వాటికి ఒక్కటే నాబ్‌. అది 26 డెసిబెల్స్‌ దాకా పెంచగలదు. మీకు కావాల్సింది అందులో చిన్న భాగమే కాబట్టి నాబ్‌ను మొదట్లోనే ఆపండి.

ఈక్యూ పెడల్‌ ఉంటే: విద్యార్థులకు ఎక్కువ ఉపయోగం దీంతోనే. బాస్‌ జీఈ-7లో ఏడు స్లైడర్లు, వాటితోపాటు ఒక లెవెల్‌ స్లైడర్‌ ఉంటాయి. 800 హెర్ట్జ్‌, 1.6 కిలోహెర్ట్జ్‌ స్లైడర్లను 2, 3 డెసిబెల్స్‌ పైకి జరిపి, లెవెల్‌ కొద్దిగా పెంచండి. గిటార్‌ ముందుకొచ్చేది ఈ మిడ్స్‌ వల్లే. 100 హెర్ట్జ్‌ జోలికి వెళ్లొద్దు. అది బేస్‌ గిటార్‌, కిక్‌ డ్రమ్‌ల చోటు.

ట్యూబ్‌ స్క్రీమర్‌ ఉంటే: ఈ పెడల్‌ సహజంగానే మిడ్స్‌ను ముందుకు తెస్తుంది. క్లీన్‌ యాంప్‌లోకి వాయిస్తూ డ్రైవ్‌ తగ్గించి, లెవెల్‌ పెంచితే సోలో బూస్ట్‌గా వాడుకోవచ్చు.

మల్టీ ఎఫెక్ట్స్‌ ఉంటే: సోలో కోసం వేరే ప్యాచ్‌ చేసుకోండి. గెయిన్‌ ముట్టుకోకుండా చివరి బ్లాక్‌లో లెవెల్‌ పెంచండి. డిజిటల్‌ పరికరంలో అవుట్‌పుట్‌ హద్దు దాటితే వినసొంపుగా లేని చిటపటలు వస్తాయి. అప్పటికే లెవెల్‌ ఎక్కువుంటే సోలో పెంచే బదులు రిథమ్‌ ప్యాచ్‌లను తగ్గించండి. జనానికి వినపడేది రెండింటి మధ్య తేడానే.

ఇంట్లో బాగుంది.. స్టేజీ మీద తప్పింది

గదిలో చిన్న సౌండ్‌తో అద్భుతంగా ఉన్న సెట్టింగ్‌ స్టేజీ మీద ఎందుకు పాడవుతుంది? బెల్‌ ల్యాబ్స్‌ పరిశోధకులు ఫ్లెచర్‌, మన్సన్‌ 1933లోనే దీన్ని వివరించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్‌, బాగా పై స్థాయి స్వరాలు తక్కువగా వినిపిస్తాయి. అందుకే ఇంట్లో మనకు తెలియకుండానే బేస్‌, ట్రెబుల్‌ పెంచి మిడ్స్‌ తగ్గించేస్తాం. స్టేజీ మీద వాల్యూమ్‌ పెరిగేసరికి కింద గుమగుమ, పైన కీచు.. మధ్యలో గిటార్‌ మాయం!

కాబట్టి బూస్ట్‌ను రిహార్సల్లో, డ్రమ్మర్‌ వాయిస్తుండగానే సెట్‌ చేయండి. ఫోన్‌ను గది వెనక గోడ దగ్గర పెట్టి రికార్డ్‌ చేయండి. ఎనిమిది బార్లు రిథమ్‌, ఎనిమిది బార్లు సోలో వాయించి వినండి. సోలో పాటలోంచి వచ్చినట్టు ఉందా, పాట మీద పడినట్టు ఉందా? తేలగానే నాబ్‌ల స్థానాన్ని టేప్‌ ముక్కతో గుర్తుపెట్టుకోండి.

సౌండ్‌ ఇంజినీర్‌తో రెండు మాటలు

పెద్ద స్టేజీ మీద జనానికి చేరేది మీ యాంప్‌ శబ్దం కాదు, మిక్సర్‌ నుంచి వచ్చేది. సౌండ్‌చెక్‌లో చాలామంది రిథమ్‌ ఒక్కటే వాయించి దిగిపోతారు. షోలో బూస్ట్‌ తొక్కగానే ఛానల్‌ ఓవర్‌లోడ్‌ అవుతుంది. ఇంజినీర్‌ కంగారుగా ఫేడర్‌ కిందికి లాగేస్తాడు. మీరు పెంచిందంతా పోయినట్టే.

అందుకే ముందు సోలో సౌండ్‌, తర్వాత రిథమ్‌ వినిపించండి. ‘అన్నా, సోలోకి నేనే పెడల్‌తో 4 డీబీ పెంచుతా. ఫేడర్‌ అలాగే ఉంచండి. కంప్రెసర్‌ ఉంటే కొంచెం చూడండి’ అని చెప్పండి. కంప్రెసర్‌ గట్టిగా పెట్టి ఉంటే మీ బూస్ట్‌ను అది అణిచేస్తుంది. ‘సోలో నేనే లేపుతాలే’ అని ఆయన అంటే సరేననండి. సోలోలు ఎక్కడొస్తాయో గుర్తుపెట్టిన పాటల జాబితా చేతికివ్వండి. ఇద్దరూ పెంచితేనే ఇబ్బంది.

బ్యాండ్‌లోనూ ఒక ఒప్పందం ఉండాలి. మీ సోలో వచ్చినప్పుడు కీబోర్డ్‌, రెండో గిటార్‌ కాస్త తగ్గాలి. వాళ్ల వంతు వచ్చినప్పుడు మీరూ తగ్గాలి.

స్టేజీ ఎక్కేముందు

* పెడల్‌కు ఎన్ని వోల్టులు, ఏ పొలారిటీ కావాలో దాని మీదే రాసి ఉంటుంది. అడాప్టర్‌తో సరిపోల్చుకోండి. చాలా పెడల్స్‌కు 9 వోల్టులు, సెంటర్‌ నెగెటివ్‌ కావాలి.
* అదనంగా ఒక ప్యాచ్‌ కేబుల్‌ సంచిలో ఉంచండి.
* సోలోతో పాటు స్విచ్‌ తొక్కడమూ సాధన చేయండి. ఆలస్యమైతే మొదటి స్వరమే పోతుంది.

ఈ పాఠం గిటార్‌తోనే ఆగిపోదు. సిగ్నల్‌ ఎక్కడ నిండుతోంది, ఎక్కడ చోటు మిగిలింది అని చూడటాన్నే గెయిన్‌ స్టేజింగ్‌ అంటారు. లైవ్‌ సౌండ్‌, రికార్డింగ్‌ రంగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు మొదట నేర్చుకోవాల్సిందీ ఇదే. మీ పెడల్‌బోర్డ్‌ మీదే అది మొదలుపెట్టొచ్చు.

ఇంకొక్క మాట. సోలో చివరి స్వరం మోగాక చప్పట్లు వింటూ నిలబడిపోకండి. గాయకుడు తిరిగి మైక్‌ అందుకునేలోపే బూస్ట్‌ ఆపేయండి. అది గమనించి, తర్వాతి ప్రోగ్రామ్‌కు మిమ్మల్ని పిలుద్దామనుకునేది మొదట ఆ గాయకుడే.