ఘోషయాత్రలో గోగణన: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అడవుల్లో చెదిరి మేసే ఆలమందలను ఒకచోటికి చేర్చి లెక్కించడం ప్రాచీన భారతదేశంలో రాజకార్యం. మహాభారతంలోని ఘోషయాత్ర, ఉత్తర గోగ్రహణ ఘట్టాలను కౌటిల్యుని అర్థశాస్త్రంతో కలిపి చూసి, ఆ కార్య స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఘోషయాత్ర, స్మారణం, అంకనం, గోపాలకులు, అర్థశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:
ఆంధ్రమహాభారతంలో ఘోషయాత్ర కథ ఎఱ్ఱన రచించిన అరణ్యపర్వశేషంలో ఉంది. ఘోషమంటే పశువుల మందలుండే గొల్లపల్లె. ద్వైతవనంలో ఉన్న పాండవులకు తన వైభవం చూపి బాధపెట్టాలని దుర్యోధనుడు కోరుకున్నాడు. అందుకు కర్ణుడు సూచించిన నెపమే ఘోషయాత్ర. ఈ ఘట్టంపై చర్చ సాధారణంగా దుర్యోధనుని గర్వభంగం చుట్టూ సాగుతుంది. నెపంగా ఎన్నుకున్న పని ఎటువంటిదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

2. నెపం వెనుక వాస్తవం:
సంస్కృత మూలంలో కర్ణ శకునులు ధృతరాష్ట్రునితో, మందలను లెక్కించి దూడలకు ముద్రలు వేసే సమయం వచ్చిందని చెబుతారు. పాండవులున్న చోటికి కుమారుడు వెళ్లడం ధృతరాష్ట్రునికి ఇష్టం లేదు. అయినా ఆయన గణన అనవసరమనలేదు. నమ్మకమైన మనుషులను పంపితే చాలునన్నాడు. పనిని కాదనలేని స్థితే చివరకు అనుమతికి దారితీసింది. నిజమైన రాజకార్యం కనుకనే అది నెపంగా పనికివచ్చింది.

ఈ పనికి అదను ఉండడానికి కారణం పశుపోషణలోనే ఉంది. పాలు తాగినంతకాలం దూడ తల్లి వెంటే తిరుగుతుంది. దాని యజమాని ఎవరో తల్లిని బట్టి తెలుస్తుంది. పాలు మరిచి మందలో కలిసిపోయిన తరువాత, ముద్ర లేకపోతే అది ఎవరిదో నిరూపించడం కష్టం.

3. గుర్తు, లెక్క:
ద్వైతవనం చేరిన దుర్యోధనుడు ఆ పనిని నిజంగానే చేయించాడు. ఆవులను పరిశీలించి, దూడలకు ముద్రలు వేయించి, లేగదూడల తల్లులను, మూడేళ్ల పశువులను వేరుగా గుర్తించాడు. అర్థశాస్త్రం ఈ పద్ధతికి పాలనారూపమిస్తుంది. పుట్టిన నెల రెండు నెలలకే దూడకు ముద్ర వేయాలి. ముద్ర, సహజమైన మచ్చ, రంగు, కొమ్ముల మధ్య ఎడం నమోదు చేయాలి.

మూలంలో ఈ గణనకు వాడిన పదం 'స్మారణం'. జ్ఞాపకాన్ని తెలిపే 'స్మృ' ధాతువు నుండి ఇది ఏర్పడింది. తెలుగులో 'గుర్తు' అనే మాట చిహ్నాన్నీ జ్ఞాపకాన్నీ రెండింటినీ చెప్పడం ఇక్కడ గమనించదగినది. మందను లెక్కించడమంటే ఒక్కొక్క పశువును గుర్తుపట్టడమే. విరాటుని కొలువులో చేరిన సహదేవుడు గోగణనలో నేర్పరిగా తన్ను పరిచయం చేసుకోవడాన్ని బట్టి ఆ విద్యకున్న గౌరవం తెలుస్తుంది.

4. సమీకరణలో ధ్వని:
ఎత్తుపల్లాలు, పొదలు ఉన్న అడవిలో కంటికి కనబడని పశువు జాడ చెవికి అందుతుంది. బెదరే పశువులకు గంటలు కట్టాలని కౌటిల్యుడు చెప్పిన కారణాలు రెండు: పాములను, క్రూరమృగాలను బెదిరించడం, పశువు మేసే చోటు తెలుసుకోవడం. ధ్వని మందను కదిలిస్తుంది కూడా. ఉత్తర గోగ్రహణంలో కౌరవులు పట్టిన మంద అరవై వేలు. అర్జునుని శంఖధ్వనికి, రథఘోషకు ఆవులు తోకలెత్తి, అంబారావాలతో తాము వచ్చిన దక్షిణ దిక్కుకే మళ్లాయి.

5. ముగింపు:
రాజుకు ఈ గణన సంపదను చూసుకొనే సందర్భం. గోపాలకునికి అది జవాబు చెప్పవలసిన దినం. దొంగలో, క్రూరమృగమో, పామో, మొసలో పశువును పట్టుకుంటే అతడు వెంటనే తెలపాలి. తెలపకపోతే దాని వెల చెల్లించాలి. చచ్చిన ఆవుకు ముద్ర ఉన్న చర్మాన్ని తెచ్చి చూపాలి. దొంగిలిస్తే మరణదండన. అడవిలోని అపాయాలు గోపాలకునివి, మందపై హక్కు రాజుది. ఈ రెండూ ఎదురుపడే చోటు స్మారణం. ఘోషయాత్రను ఈ కోణంలో చదివినప్పుడు, గర్వభంగ కథ వెనుక పేరులేని పశుపాలకుల శ్రమ కూడా కనిపిస్తుంది.