మొహమాటం లేని పుస్తకం

బాచుపల్లిలో ఏ అపార్టుమెంటు టవర్‌కి వెళ్లినా లిఫ్టు లోపల బటన్ల పక్కన చిన్న స్టీలు పలక కనిపిస్తుంది. చాలాచోట్ల దాని మీద 8 మంది, 544 కిలోలు అని ఉంటుంది. మనిషికి 68 కిలోల లెక్క అది. పొద్దున హైటెక్ సిటీకి బయల్దేరే వేళ లిఫ్టు కిక్కిరిసి ఉండగా ఇంకొకరు అడుగు పెడితే బజర్ మోగుతుంది, తలుపు మూసుకోదు. ఎవరో ఒకరు దిగాల్సిందే. దిగాల్సింది అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడా, నిన్న అద్దెకి దిగిన కుర్రాడా అన్నది లిఫ్టుకి పట్టదు. ఇక్కడి నుంచి గండిమైసమ్మ దాటితే దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. నగరానికి ఇంకోవైపు హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ పైలట్లకి శిక్షణ ఇచ్చే బడి ఉంది. ఈ లిఫ్టు పలక లాంటిదే ప్రతి హెలికాప్టర్‌కీ ఉంది, కాకపోతే అది పుస్తకం రూపంలో ఉంటుంది. దాన్ని ఫ్లైట్ మాన్యువల్ అంటారు. లిఫ్టుకీ దానికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, పుస్తకంలోని పరిమితి దాటినప్పుడు చాలాసార్లు ఏ బజరూ మోగదు, తలుపూ ఆగదు. వద్దని చెప్పాల్సింది ఒక మనిషి. ఆ మనిషి నోరు పెగలాలంటే ఏం కావాలన్నదే ఈ వ్యాసం.

ఏ మోడల్ హెలికాప్టర్ అయినా ప్రభుత్వ విమానయాన సంస్థ ధ్రువీకరణ పొందాలంటే దానికో ఫ్లైట్ మాన్యువల్ ఉండాలి. అందులో మామూలు నడక, అత్యవసర చర్యలు, బరువు లెక్కలు, పనితీరు పటాలు ఇలా చాలా అధ్యాయాలుంటాయి. లిమిటేషన్స్ అనే అధ్యాయం మాత్రం వేరు. మిగతావాటిలో పైలట్ విచక్షణకి కొంత చోటుంది, ఇందులో లేదు. ఎంత బరువుతో లేవవచ్చు, ఆ బరువు ముందుకీ వెనక్కీ ఎంతవరకు జరగవచ్చు, ఇంజన్ ఎంత వేడి వరకు ఓర్చుకుంటుంది, రోటర్ నిమిషానికి ఎన్ని చుట్లకి తగ్గకూడదు, ఎంత వేగం మించకూడదు అన్నవి అందులో అంకెలతో ఉంటాయి. అవే అంకెలు కాక్‌పిట్‌లోని మీటర్ల మీద ఆకుపచ్చ పట్టీగా, పసుపు పట్టీగా, ఎర్ర గీతగా కనిపిస్తాయి. ఆ గీతల లోపల నడిపినంతవరకే ఆ యంత్రం ఎగరడానికి యోగ్యమైనది. అమెరికా చట్టమైనా, మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలైనా ఈ విషయంలో ఒకటే మాట చెబుతాయి.

ఆ అంకెలు ఎందుకలా ఉన్నాయో తెలిస్తే వాటి మీద గౌరవం దానంతట అదే వస్తుంది. దాటకూడని వేగం సంగతే చూద్దాం. ఇంజన్‌కి శక్తి చాలక ఆ హద్దు పెట్టారని చాలామంది అనుకుంటారు. అసలు కారణం రెక్కల్లో ఉంది. హెలికాప్టర్ ముందుకి పోతున్నప్పుడు తిరిగే రెక్క ఒక పక్క గాలికి ఎదురెళ్తుంది, రెండో పక్క గాలితో పాటు వెనక్కి వస్తుంది. రెక్క కొస వేగం గంటకి 750 కిలోమీటర్లు, హెలికాప్టర్ వేగం 250 అనుకుంటే, ఒక పక్క రెక్క కొసకి 1,000 కిలోమీటర్ల వేగంతో గాలి తగులుతుంది, రెండో పక్క 500 మాత్రమే. వేగం పెంచేకొద్దీ వెనక్కి వచ్చే రెక్కకి గాలి కరువవుతుంది. ఆ లోటు పూడ్చడానికి దాని కోణం పెరుగుతూ పోయి, ఒక దశలో అది బరువు మోయడం మానేస్తుంది. యంత్రం కంపించి, ముక్కు పైకెత్తి, ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఎత్తు పెరిగినా వేడి పెరిగినా గాలి పలచబడుతుంది కనుక ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అందుకే చాలా హెలికాప్టర్లలో పైలట్ కళ్లెదుట ఒక చిన్న పట్టిక అతికించి ఉంటుంది. ఇంత ఎత్తులో, ఇంత ఉష్ణోగ్రతలో ఇంతకి మించి వేగం వద్దని అది చెబుతుంది. నిన్న పనికొచ్చిన వేగం ఇవాళ పనికిరాకపోవచ్చు. లిఫ్టు పలక మీది అంకె ఏడాది పొడుగునా మారదు. హెలికాప్టర్ హద్దు పూట పూటకీ మారుతుంది.

మన ప్రాంతంలో ఈ మారే హద్దు చిన్న విషయం కాదు. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ప్రామాణిక లెక్క ప్రకారం ఆ ఎత్తులో ఉండాల్సిన ఉష్ణోగ్రత 11, 12 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే 30 డిగ్రీలు ఎక్కువన్నమాట. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలుపుకుంటే, రెక్కలకి తగిలే గాలి 5,400 అడుగుల ఎత్తులో ఉండేంత పలచగా ఉంటుంది. హార్సిలీ కొండలు సుమారు 4,100 అడుగులు. అంటే నడివేసవి మధ్యాహ్నం బేగంపేటలో నేల మీద నిలబడ్డ హెలికాప్టర్, తనకి సంబంధించినంతవరకు, హార్సిలీ కొండల కంటే ఎత్తులో ఉన్నట్టే. పొద్దున 6 గంటలకి ఆరుగురిని తేలిగ్గా లేపిన యంత్రం మధ్యాహ్నం రెండింటికి అదే ఆరుగురితో, అదే ఇంధనంతో, ఒక హైస్కూలు మైదానంలోంచి చెట్లూ కరెంటు తీగలూ దాటి నిట్టనిలువుగా లేవాలంటే శక్తి చాలకపోవచ్చు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ పోలింగ్ జరిగింది మే 13న. ప్రచారం నడిచింది సరిగ్గా ఈ ఎండల్లోనే. ఇద్దరు నాయకులు ఎక్కాల్సిన చోట చివరి నిమిషంలో మూడో నాయకుడు వచ్చి నిలబడితే, పైలట్ ఆయనకి వద్దని చెప్పాలి, లేదా ఇంధనం తగ్గించుకోవాలి. ఇంధనం తగ్గితే దారిలో వాన ఎదురైనప్పుడు చుట్టూ తిరిగి వెళ్లే వెసులుబాటు పోతుంది. ఒక మొహమాటం ఇంకో ప్రమాదాన్ని ఇలా వెంటబెట్టుకొస్తుంది.

మొహమాటం అన్న మాట ఊరికే వాడలేదు. పెద్దమనిషి అడిగితే కాదనలేకపోవడం మన మర్యాదలో భాగం. ఇంట్లో, పెళ్లిలో, ఊళ్లో అది అందమైన గుణమే. రెక్కల కింద మాత్రం అది ప్రాణాంతకం. ఎవరూ ఏమీ అడగకపోయినా అది పనిచేస్తుంది. 2020 జనవరి 26న అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన కూతురుతో సహా తొమ్మిది మంది హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. బయట చూస్తూ నడపాల్సిన ప్రయాణంలో పైలట్ మబ్బుల్లోకి వెళ్లి దిక్కు తోచని స్థితిలో పడ్డాడని అక్కడి రవాణా భద్రతా మండలి తేల్చింది. ప్రయాణికుల వైపు నుంచి, కంపెనీ నుంచి ఒత్తిడి ఉన్నట్టు ఆధారం దొరకలేదు. పైలట్ తన మీద తానే పెట్టుకున్న ఒత్తిడి దోహదం చేసి ఉండవచ్చని నివేదికలో రాశారు. తరచూ ఎక్కించుకునే గొప్ప మనిషిని ఇవాళ తీసుకెళ్లలేనని చెప్పడం ఆయనకి కష్టమై ఉండవచ్చు. మబ్బులో లోపలి చెవి చెప్పే దిక్కు అబద్ధమవుతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, మీటర్లు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మంది విమాన పైలట్లని పరీక్షిస్తే, బయట ఏమీ కనిపించని స్థితిలో వారు అదుపు కోల్పోయేందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు.

మన గడప దగ్గర జరిగినది 2009 సెప్టెంబరు 2. ఆ ఉదయం 8.38కి బేగంపేట నుంచి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు. గరిష్ఠంగా 4,200 కిలోల బరువు వరకు లేవగల యంత్రం అది. కాగితం మీద చూస్తే అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. నల్లమల మీద దట్టమైన వానమబ్బులున్నాయి. మర్నాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. ఎవరూ మిగల్లేదు. ప్రభుత్వ హెలికాప్టర్ సంస్థ పవన్ హన్స్ అప్పటి అధిపతి ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని కమిటీ దర్యాప్తు చేసింది. మబ్బుల్లో బలంగా కిందికి నెట్టే గాలిలో చిక్కి, హెలికాప్టర్ అదుపు తప్పి అతి వేగంగా దిగిపోయిందని తేల్చింది. ఆ నివేదికలో ఒక వివరం మనసుని వదలదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఒత్తిడి తగ్గినట్టు హెచ్చరిక కనిపించాక, దానికి ఏం చెయ్యాలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకి పైగా గడిపారు. సరైన పేజీ దొరకలేదు. ఆ లోపం నేరుగా ప్రమాదానికి కారణమని కమిటీ అనలేదు. ఆ వెతుకులాటలో వాతావరణం మీద ధ్యాస తప్పిందనీ, వెనక్కి తిరగడమో దారి మళ్లడమో చెయ్యలేదనీ చెప్పింది.

చనిపోయినవారిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఊగిపోతున్న కాక్‌పిట్‌లో, వాన కొడుతుండగా, పేజీలు తిప్పుతున్న చేతుల్ని ఒక్కసారి ఊహించుకుంటే చాలు. ఫ్లైట్ మాన్యువల్ నేల మీద చదవాల్సిన పుస్తకం. అందులోని ప్రతి హద్దూ తొందర లేనివాళ్లు, పరీక్షలు చేసి, విరిగిన భాగాలు చూసి, కూర్చుని తీసుకున్న నిర్ణయం. తొందరలో ఉన్నవాళ్లకి దాన్ని మార్చే హక్కు లేకుండా చెయ్యడానికే దాన్ని అచ్చులో పెట్టారు. ఎక్కడ వెనక్కి తిరగాలన్నది కూడా అలాగే ముందే నిర్ణయమై ఉండాలి. కొండ కనిపించకపోతే తిరిగిపోదాం అన్న మాట బయల్దేరకముందు అనుకుంటే సులువు. మబ్బులోకి వెళ్లాక అదే మాట అనడానికి సమయం ఉండదు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. తయారీదారు ఎలాగూ కొంత వెసులుబాటు వదిలే గీత గీస్తాడు కదా, కాస్త దాటితే ఏమైందన్నది మొదటిది. వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే అది ఎవరి కోసం? అరిగిన ఇంజన్ కోసం, ఉన్నట్టుండి వీచే గాలి కోసం, పైలట్ చెయ్యి స్పందించడానికి పట్టే ఒకటి రెండు సెకన్ల కోసం. ఆ వెసులుబాటు దాచిపెట్టుకున్న డబ్బు లాంటిది. దాన్ని సూట్‌కేసు కోసమో, మూడో నాయకుడి కోసమో ముందే ఖర్చు పెడితే అసలు అవసరం వచ్చినప్పుడు ఖాతాలో ఏమీ ఉండదు. పైగా నిన్న హద్దు దాటి క్షేమంగా దిగినవాడికి ఇవాళ ఆ గీత ఇంకొంచెం దూరంగా కనిపిస్తుంది.

రెండోది ఇంకా బరువైనది. వరద మధ్యలో మనుషులు చిక్కుకుంటే కూడా పుస్తకం చూస్తూ కూర్చోవాలా అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లు కూడా ఆహారం అందించాయి. ఆ పని చేసేవాళ్లు లెక్కలు పక్కన పెట్టి ఎగరరు. తక్కువ బరువు వేసుకుని ఎక్కువసార్లు తిరుగుతారు. గాలిలో నిజమైన ఆపద వస్తే దాన్ని ఎదుర్కోవడానికి ఎంత అవసరమో అంతవరకు నిబంధన దాటే అధికారం కెప్టెన్‌కి చట్టమే ఇచ్చింది. బహిరంగ సభకి ఆలస్యం కావడం ఆపద కాదు. ఒక నిజం మాత్రం ఒప్పుకోవాలి. అన్ని హద్దులూ పాటించినా ప్రమాదాలు జరుగుతాయి. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు అప్పటి చిత్తూరు జిల్లాకి చెందిన సైనికుడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా ప్రాణాలు కోల్పోయిన ప్రమాదంలో, లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని త్రివిధ దళాల దర్యాప్తు చెప్పింది. పుస్తకం చావుని రద్దు చెయ్యలేదు. ఎన్నుకుని కొనితెచ్చుకునే ప్రమాదాల్ని మాత్రం తప్పిస్తుంది.

ఇక మిగిలింది ప్రయాణికుడి వంతు. నిబంధనల భారమంతా పైలట్ మీద వేసి, వెనక సీట్లో కూర్చునేవారికీ కింద హెలిప్యాడ్ దగ్గర దండలతో ఎదురుచూసేవారికీ వాటితో సంబంధం లేనట్టు మనం ప్రవర్తిస్తున్నాం. ముఖ్యుల పర్యటనకి అధికారులు తయారుచేసే కార్యక్రమ పట్టిక నిమిషాల లెక్కన ఉంటుంది. 9.10కి హెలిప్యాడ్, 9.25కి వేదిక, 10.40కి తిరుగు ప్రయాణం. అంత వివరంగా రాసే ఆ కాగితంలో, వాతావరణం బాగోకపోతే రోడ్డు దారిన ఎన్ని గంటలకి చేరతారో, ఎన్ని గంటలు దాటితే కార్యక్రమం రేపటికి మారుతుందో కూడా ఒక వరుస అచ్చవ్వాలి. ఆ కాగితం కలెక్టర్ దగ్గరికీ, నాయకుడి కార్యదర్శి దగ్గరికీ, పైలట్ దగ్గరికీ ముందురోజు సాయంత్రమే చేరాలి. అప్పుడు పొద్దున మబ్బు చూసి పైలట్ కొత్తగా ఎవరినీ నొప్పించక్కర్లేదు. ఆ వరుస మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.