తొమ్మిది నెలల పరుగు



మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. రెండెకరాల మాగాణి, ఒక గేదె ఆయన ఆస్తి. భార్య ప్రభువునందు నిద్రించి నాలుగేళ్లయింది. ఒక్కగానొక్క కుమారుడు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, షార్లెట్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లి పోయిన తరువాత తండ్రీ కొడుకుల మధ్య మాటలు కరువైపోయాయి. "తిన్నావా నాన్నా?" "తిన్నాను." "వానలు పడ్డాయా?" "పడ్డాయి." అంతటితో ఫోను పెట్టేసేవారు. ఈ సంగతి ఆయనే నాతో చెప్పి కంట తడి పెట్టుకొన్నారు.

కిందటి ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం వారింటికి వెళ్లాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. జ్వరమేమోనని అడిగాను. "లేదయ్యగారూ! రాత్రి ఒంటిగంట నుంచి కార్ల పందెం చూశాను. మావాడు వాళ్ల టీవీ ముందు ఫోను పెట్టి చూపిస్తూ, ఏది ఏమిటో చెబుతూ ఉన్నాడు" అన్నారు. అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం జరిగే పందెం మనకు సోమవారం తెల్లవారుజాము అవుతుంది. "ఆదివారం ఆరాధన ఎగ్గొట్టలేదు లెండి" అని నవ్వారు కూడా. ఆయన చెప్పినది విని, నేనూ కొంత చదివి తెలుసుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఏమిటీ పందెం?

స్టాక్ కారు అంటే దుకాణంలో అందరికీ అమ్మే మామూలు కారు. పూర్వం అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండ ప్రాంతాలలో దొంగసారా చేరవేసేవారు పోలీసులకు చిక్కకుండా తమ కార్ల ఇంజన్లకు బలం పెంచుకొనేవారు. ఎవరి కారు ముందో తేల్చుకోవడానికి పందేలు కూడా వేసుకొనేవారు. 1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పందెగాళ్లను ఒకచోట కూర్చి ఒక కట్టుబాటు చేశాడు. 1948లో ఏర్పడిన ఆ సంస్థే నాస్కార్. ఇప్పుడు దాని ముఖ్యమైన తరగతిగా ఉన్న పందేలలో మొదటిది 1949 జూన్ 19న షార్లెట్‌లోనే జరిగింది. అందులో మొదట వచ్చిన కారు స్ప్రింగులు మార్చినవని తనిఖీలో తేలింది. గెలుపు అతని చేతిలోనుంచి తీసి, తరువాత వచ్చిన జిమ్ రోపర్‌కు ఇచ్చారు. మొదటి పందెంలోనే నియమం నిలబడిందన్నమాట!

నేడు ఆ కార్లు దుకాణంలో దొరికేవి కావు. ప్రత్యేకంగా కట్టినవి. ముందు దీపాలు కూడా అంటించిన బొమ్మలే.

ఫిబ్రవరి మొదలు నవంబరు దాకా

ఒక సీజనుకు 36 పందేలు. డేటోనాలో ఒక చుట్టు రెండున్నర మైళ్లు. 200 చుట్లు తిరిగితే 500 మైళ్లు, అంటే సుమారు 800 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి విశాఖపట్నం దూరం కంటె ఎక్కువ! కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌లో చుట్టు అర మైలు మాత్రమే. అక్కడ గెలిచినవానికి కప్పు కాదు, నిలువెత్తు గడియారం ఇస్తారు. మే నెలాఖరులో షార్లెట్‌లో జరిగేది 600 మైళ్ల పందెం. ఇటీవలి సంవత్సరాలలో, యుద్ధాలలో చనిపోయిన సైనికుల పేర్లు ఆ రోజున కార్ల అద్దాలపై వ్రాస్తున్నారు.

పచ్చజెండా ఊపితే పరుగు. ప్రమాదం జరిగితే పసుపు జెండా. అప్పుడు అందరూ నెమ్మదిగా వరుసలో తిరగాలి. ఎంతో ముందున్నవాడు కూడా ఆ వరుసలో కలిసి, సంపాదించిన దూరమంతా పోగొట్టుకొంటాడు. తెల్లజెండా అంటే చివరి చుట్టు. మధ్యలో కారు ఆగినప్పుడు ఐదుగురు మనుష్యులు గోడ దూకి వచ్చి నాలుగు టైర్లు మార్చి, పెట్రోలు పోసి, పది సెకన్లు అటూ ఇటూగా పంపివేస్తారు. ఒకని చేయి తడబడితే డ్రైవరు పది స్థానాలు వెనుకబడవచ్చు. పేరు ఒకనిది, పని పదిమందిది.

అభిమాని ఓపిక

మన పల్లెలలో బండలాగుడు పోటీలలో ఒక జత ఎడ్లను మనవిగా ఎంచుకొంటాము కదా! అలాగే అక్కడి అభిమాని ఒక నంబరును ఎంచుకొంటాడు. ఆ నంబరున్న టోపీ, ఆ రంగు చొక్కా. చిన్న రేడియో చెవికి తగిలించుకొని, తన డ్రైవరు, అతని జట్టు నాయకుడు మాట్లాడుకొనే మాటలు వింటాడు. ఇంటిల్లిపాది బండి కట్టుకొని వెళ్లి ట్రాకు దగ్గర మూడు రోజులు గుడారాలలో ఉండేవారు కూడా ఎందరో.

అయితే గమనించండి. దాదాపు నలభై కార్లు పరుగెత్తితే గెలిచేది ఒక్కటే. ఏడాదిలో ఐదు గెలిస్తే అది గొప్ప ఏడాది. కనుక అభిమాని ఎక్కువ వారాలు ఓటమినే చూస్తాడు. అయినా వచ్చే వారం మళ్లీ కూర్చుంటాడు. మైఖేల్ వాల్‌ట్రిప్ అనే డ్రైవరు 462 పందేలలో ఒక్కటి కూడా గెలవలేదు. 463వది గెలిచాడు. అది 2001 ఫిబ్రవరి 18, డేటోనాలో. ఆ గెలుపును ఆనందించే భాగ్యం అతనికి దక్కలేదు.

ఆ ఆదివారం

అతని కారు యజమాని డేల్ ఎర్న్‌హార్ట్. ఏడుసార్లు ఛాంపియన్. డేటోనా 500 మాత్రం ఆయనకు చాలాకాలం అందలేదు. 1998లో, ఇరవయ్యవ ప్రయత్నంలో గెలిచాడు. అంతకు ముందు చక్రాల కుర్చీలోని ఒక చిన్నపిల్ల తన నాణెం ఒకటి ఇస్తే, దానిని కారు లోపల అంటించుకొని పరుగెత్తాడు. ఆనాడు పోటీ జట్లన్నీ వరుసగా నిలబడి ఆయన చేయి తాకి అభినందించాయి.

2001లో చివరి చుట్టులో వాల్‌ట్రిప్ మొదట, ఎర్న్‌హార్ట్ కుమారుడు రెండవ స్థానంలో, తండ్రి మూడవ స్థానంలో ఉన్నారు. ముందున్న ఇద్దరి కొరకే ఆయన వెనుకవారిని అడ్డుకొన్నాడని అభిమానుల నమ్మకం. చివరి మలుపులో ఆయన కారు గోడకు తగిలింది. ఆ సాయంత్రమే మరణవార్త వెలువడింది. ఆ ఏడాది ప్రతి పందెంలో మూడవ చుట్టు వచ్చేసరికి జనమంతా లేచి, ఆయన కారు నంబరైన మూడుకు గుర్తుగా మూడు వేళ్లు ఎత్తి మౌనంగా నిలబడేవారు. జూలైలో అదే ట్రాకుపై ఆయన కుమారుడు గెలిచాడు.

అంతకు ముందు సంవత్సరం, 2000 మే నెలలో, ఆడమ్ పెట్టీ అనే 19 ఏళ్ల యువకుడు కూడా ట్రాకుపైనే మరణించాడు. అతని కుటుంబం దుఃఖంలోనే ఆగిపోలేదు. జబ్బుతో బాధపడే పిల్లల కొరకు 2004లో నార్త్ కరోలినాలో ఒక శిబిరం నెలకొల్పింది.

మెడను కాపాడే పరికరం అప్పటికే ఉన్నా చాలామంది వాడేవారు కాదు. 2001 అక్టోబరులో అది తప్పనిసరి చేశారు. 2002 నుండి దెబ్బను తనలోకి తీసుకొనే మెత్తని గోడలు కట్టసాగారు. 2020లో డేటోనాలో రైయన్ న్యూమన్ కారు గాలిలో పల్టీలు కొట్టింది. చూసినవారంతా ఆశ వదలుకొన్నారు. రెండు రోజులకు అతడు తన ఇద్దరు కుమార్తెల చేతులు పట్టుకొని ఆసుపత్రి నుండి నడచి వచ్చాడు. ఒకరి మరణం వలన నేర్చుకొన్నది మరొకరి ఇంటిని నిలిపింది.

ప్రార్థన, మరియు ఒక మాట

ప్రతి పందానికి ముందు బహిరంగ ప్రార్థన చేస్తారు. 1988లో ఆరంభమైన మోటార్ రేసింగ్ ఔట్‌రీచ్ అనే పరిచర్య ట్రాకుల వద్దనే డ్రైవర్లకు, వారి కుటుంబాలకు ఆరాధన జరిపిస్తూ వచ్చింది. ఎర్న్‌హార్ట్ చివరి పందెంలో ఆయన కారులో సామెతలు 18:10 వచనం ఉన్నది. తోటి డ్రైవరు భార్య వ్రాసి ఇచ్చినది అది. అలాగని అంతా మంచే అనను. 1971 నుండి 2003 వరకు ఈ పందేలకు ఒక సిగరెట్టు పేరే ఉండేది. ఖర్చు, వ్యాపారం, ప్రాణభయం అన్నీ ఉన్నాయి. వీటిని కళ్లు తెరచి చూడవలసినదే.

సీజను నవంబరులో ముగిసింది. పెద్దాయన ఎంచుకొన్న కారు ఒక్కటీ గెలవలేదు. "ఇక మీరిద్దరూ ఏం మాట్లాడుకొంటారు?" అని అడిగాను. "అలవాటైపోయిందయ్యగారూ! ఇప్పుడు మాటలు వాటంతటవే వస్తున్నాయి. నా చిన్నప్పటి ఎడ్ల జత సంగతి గంటసేపు అడిగాడు. మొన్న వాళ్లమ్మ సంగతి కూడా మాట్లాడుకొన్నాం. నాలుగేళ్లలో అదే మొదటిసారి. క్రిస్మస్‌కు వస్తున్నాడు" అన్నారు.

మీ బిడ్డ ఎక్కడున్నా, వాడు దేనిని ఇష్టంగా చూస్తున్నాడో ఈ వారం ఒకసారి అడగండి. మీకు అర్థం కాకపోయినా పరవాలేదు. చెప్పనివ్వండి.