కార్జం చెడితే విటమిన్లు నిలువవు



షెడ్డులో పదిహేను రోజుల బ్రాయిలరు పిల్లలు వేళ్ళు లోపలికి ముడుచుకొని మడమలమీద కూలబడినవనుకోండి. మనం ఏం చేస్తాం? దుకాణానికి పరుగెత్తి విటమిన్ సీసా తెచ్చి నీళ్ళలో కలుపుతాం. వేళ్ళు ముడుచుకొనడం బి2 లోపానికి గుర్తు. తల వెనక్కి విరిచి ఆకాశం చూడడం బి1 లోపానికి గుర్తు. సకాలంలో అందితే చాలావరకు పిల్ల తేరుకొంటుంది. కాని కొన్ని షెడ్లలో సీసాలు ఎన్ని పోసినా గుణం కనిపించదు. అప్పుడు కార్జాన్ని, అంటే కాలేయాన్ని, అనుమానించవలె.

ఎ విటమిన్ నిలువవుండే గాదె కార్జమే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. అవి వంటబట్టాలంటే కార్జంలో ఊరే పైత్యరసం కావాలి. గాదెకు చిల్లిపడితే గింజలు ఎన్ని పోసి ఏం లాభం?

కార్జాన్ని చెరిచేవాటిలో ముఖ్యమైనది అఫ్లటాక్సిన్ అనే బూజు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయినవి. కారణం వెతకగా, మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వానాకాలపు మక్కలు కోతకు వచ్చేనాటికి వానలు పూర్తిగా వెనుదీయవు. తడిసిన మక్కలు కుప్పపోస్తే బూజు పడుతుంది. తరువాత ఎండబెడితే బూజు ఆగుతుందిగాని, పుట్టిన విషం పోదు, ఉడకబెట్టినా పోదు.

చచ్చిన కోడిని పశువైద్యునిచేత కోయించి చూపించుకోండి. ఆరోగ్యమైన కార్జం ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో వుంటుంది. అది ఉబ్బి, పాలిపోయి, నొక్కితే చిట్లిపోతుంటే మేతను అనుమానించండి. మొదటి వారం పిల్లల కార్జం పసుపుగా వుండడం సహజమే, దానికి భయపడనక్కరలేదు.

ఇక చేయవలసిన పనులు. మక్కలను తేమ 12 శాతానికి దిగేదాక ఎండబెట్టండి. సంచులు నేలకూ గోడకూ ఆనకుండా చెక్కలమీద పేర్చండి. కలిపిన దాణా నెలలోపే వాడండి. నిలువలో, వేడికి విటమిన్లు చెడిపోతవి. కోలిన్ క్లోరైడును విటమిన్ పొడితో కలిపి దాచవద్దు. అది విటమిన్ల బలాన్ని తగ్గిస్తుంది. కంపెనీ దాణా అయితే సంచి దిగగానే చేయిపెట్టి చూడండి. గడ్డకట్టినా, ముక్కవాసన వచ్చినా వాడక, దోసెడు నమూనా తీసిపెట్టి సూపర్‌వైజరుకు చెప్పండి. తూకం తగ్గితే కోతపడేది మీ పెంపకం డబ్బులోనే గదా! ఆ మేతను బర్రెకూ పెట్టవద్దు. విషం పాలలోకి దిగి మన పిల్లలకే చేరుతుంది.

సీసా సంగతి వైద్యుడు చెబుతాడు. ముందు మక్కల సంచి విప్పి చూసుకొందాం.