ట్రెడ్‌మిల్ ఉలకదు, పలకదు – ఏం చేయాలి?



"మా ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉందండీ" అని ఎవరైనా అంటే, "నడుస్తున్నారా, బట్టలు ఆరేస్తున్నారా?" అని నవ్వుతూ అడగటం మనకు అలవాటైపోయింది. నవ్వులాటకేం గానీ, రోజూ నడవక తప్పని మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆ యంత్రం మొండికేస్తే ఎంత ఇబ్బందో మాకు అనుభవమైంది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

మేముండేది ఘట్‌కేసర్‌లో. మావారికి షుగరు. రోజూ అరగంట నడవాలన్నారు డాక్టరుగారు. పొద్దున్నే వరంగల్లు రోడ్డు మీదికి వెళితే లారీలు, సందులోకి వెళితే కుక్కలు. అందుకని హాల్లో ఓ మూల ట్రెడ్‌మిల్ పెట్టుకున్నాం. వానాకాలంలో ఒకనాడు స్విచ్చి వేస్తే దీపం లేదు, చప్పుడు లేదు. ఒక మెకానిక్కుకు ఫోను చేస్తే, చూడకుండానే "బోర్డు పోయిందమ్మా, మార్చాల్సిందే" అన్నాడు. ఆ ఖర్చు విని, వచ్చే నెల చూద్దాంలే అని ఊరుకున్నాం. మూడు వారాలు మావారి నడక ఆగిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే షుగరు పెరిగింది.

ఇంతలో ఉప్పల్ నుంచి మా చిన్నాన్నగారు వచ్చారు. కరెంటు పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆయన యంత్రం వంక చూడనే లేదు. "ఏమ్మా, ప్లగ్గు ఎక్కడ పెట్టావు?" అన్నారు. బోనాలకు చుట్టాలొచ్చినప్పుడు యంత్రాన్ని పక్కకు జరిపి, వైరు అందక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించాను. ఆయన మెయిన్ కట్టేసి ఆ బాక్సు విప్పితే, లోపల ప్లాస్టిక్కు కరిగి నల్లగా మాడిపోయి ఉంది. దాని పక్కనే మా అత్తగారి మంచం. నా గుండె ఝల్లుమంది. బోర్డుకు ఏమీ కాలేదు. పోయింది బాక్సు ఒక్కటే. అదృష్టం బాగుండి అంతటితో పోయింది.

ఎందుకిలా అయిందంటే, లెక్క చిన్నదే. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. రెండు హార్స్‌పవర్ల మోటారు పూర్తి బలంతో తిరిగితే దాదాపు 1,500 వాట్లు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు కనుక, అది ఆరున్నర ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. చిన్న సాకెట్టు తట్టుకునేది 6 ఆంపియర్లు, పెద్దది 16. చిన్న సాకెట్ల బాక్సుకు ట్రెడ్‌మిల్ తగిలించటం సోలెడు గిన్నెలో మానెడు బియ్యం వండటమే.

కాబట్టి ట్రెడ్‌మిల్ పలకనప్పుడు యంత్రం దగ్గర మొదలుపెట్టకండి. గోడ దగ్గర మొదలుపెట్టండి. తడి కాళ్ళతో, తడి చేతులతో మాత్రం దగ్గరకు పోవద్దు. ఇల్లు తుడిచిన వెంటనే అసలే వద్దు.

మొదట మీటరు దగ్గరి ఎమ్‌సీబీలు చూడండి. ఒకటి కిందికి పడి ఉంటే, ట్రెడ్‌మిల్ ప్లగ్గు తీసేసి దాన్ని ఒక్కసారి పైకి ఎత్తండి. ప్లగ్గు పెట్టగానే మళ్ళీ పడిపోతే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అది మొండితనం కాదు, మనల్ని హెచ్చరించటం. వీధి మొత్తానికే కరెంటు లేకపోతే 1912కు ఫోను చేస్తే సరి.

రెండోది, సాకెట్టు. పెద్ద పిన్నుల ప్లగ్గున్న ఇండక్షన్ పొయ్యి లాంటిది తెచ్చి అదే సాకెట్టులో పెట్టి చూడండి. టెస్టరు వెలిగిందని సంతోషించకండి. ఫేజు వస్తోందని మాత్రమే అది చెబుతుంది, న్యూట్రల్ సంగతి, ఎర్తింగ్ సంగతి చెప్పదు. సాకెట్టు మీద నల్లమచ్చలున్నా, కాలిన వాసన వచ్చినా, ప్లగ్గు వేడెక్కినా ఇక వాడకండి.

మూడోది, వైరు. ప్లగ్గు తీసి, మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఎలుక కొరికిందా? యంత్రం కింద పడి నలిగిందా? కొన్ని యంత్రాల్లో వైరు రెండో కొస ఊడివస్తుంది, అది గట్టిగా కూర్చుందో లేదో చూడండి.

నాలుగోది, యంత్రం ముందువైపు కింద ఉండే స్విచ్చి. చాలా యంత్రాల్లో దాని పక్కనే ఒక చిన్న బొత్తాం కూడా ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైతే అది బయటికి పొడుచుకొస్తుంది. ఒకసారి లోపలికి నొక్కండి. మళ్ళీ వస్తే నొక్కొద్దు. తరచు దానికి కారణం ఎండిపోయిన బెల్టు. బెల్టు కింద జారుడు తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి సిలికాన్ నూనే వేయాలి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పనికిరావు, బెల్టు పాడవుతుంది.

ఐదోది, ఎర్రతాడు కట్టిన తాళం లాంటి ముక్క. నడిచేవారు జారిపడితే అది ఊడి యంత్రం ఆగాలని పెట్టారు. చాలావాటిలో అయస్కాంతం ఉంటుంది. పిల్లలు ఆటకు పట్టుకుపోయినా, అది సరిగా కూర్చోకపోయినా బెల్టు కదలదు. కొన్నింట్లో తెర కూడా వెలగదు. దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. నడిచేటప్పుడు రెండో కొస బట్టలకు తగిలించుకోవటం మరవకండి.

ఇవన్నీ చూసినా పలకకపోతే, లేదా తెర వెలిగినా బెల్టు కదలకపోతే, అప్పుడు మెకానిక్కు పని. మోటారు మీది మూత మాత్రం మనం విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. వచ్చిన మెకానిక్కుకు మీరు చూసినవన్నీ వరసగా చెప్పండి. చూడకుండా "బోర్డు పోయింది" అనే మాట తేలిగ్గా రాదు.

ఇప్పుడు మా ఇంట్లో ట్రెడ్‌మిల్‌కు విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తింగ్ పెట్టించాం. అత్తగారి మంచం అవతలి గోడకు జరిపాం. మావారు మళ్ళీ నడుస్తున్నారు. మీ ఇంట్లో కూడా ఏదైనా పెద్ద వస్తువు చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వేలాడుతోందేమో, ఇవాళే ఒకసారి వంగి చూడండి.